వెనక డ్రమ్ములు విప్పేముందు: పాత పికప్పు తోలే మేనల్లుడికి మామ రాసిన జాబు

చిరంజీవి మేనల్లుడికి,

మామ దీవెనలు. నీ జాబు చదివాను. బ్రేకు పెడలు లోతుకు పోతా ఉందనీ, ఎడం వైపు వెనక చక్రం కాగిపోతా ఉందనీ, ఏడాదిలో రెండుసార్లు బ్రేకు లైనర్లు (షూల మీద అరిగే పట్టీలు) మార్పించినా మళ్ళీ అదే గొడవనీ రాశావు. మూడో జత మాత్రం ఇప్పుడే కొనబాక. లైనరు ఊరికే అంత తొందరగా అరగదు, దాన్ని ఏదో అరగదీస్తా ఉంది. అదేందో పట్టుకోకుండా ఎన్ని జతలేసినా డబ్బులు బూడిదలో పోసినట్టే.

చక్రం ఊడదీయకముందే పెడలు నీకు సగం సంగతి చెబుతుంది. ఇంజను ఆన్ చేసి, బండి కదలకుండా తొక్కి చూడు. మొదటిసారి లోతుకు పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగిందంటే లైనర్లున్న షూలకీ, వాటి చుట్టూ చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిందని అర్థం. స్పాంజి మాదిరి మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది. పైనే గట్టిగా ఆగి, కాలు అట్నే అదిమిపెట్టి ఉంచితే మెల్లమెల్లగా కిందికి జారుతుంటే, యాడన్నా లీకు ఉండాలి, లేదంటే మాస్టర్ సిలిండర్ (తొక్కితే ఆయిలును చక్రాలకి నెట్టేది) లోపల రబ్బరు వాషర్లు పాడై ఆయిలు వెనక్కి పోతా ఉండాలి. పెడలు రాయి మాదిరి బిగుసుకొని బండి ఆగకపోతే మాత్రం డ్రమ్ముల జోలికే పోబాక, కాలి బలాన్ని పెంచే బూస్టరూ, దాని వ్యాక్యూమ్ పంపూ చూపించు. నువ్వు రాసినదాన్ని బట్టి నీది మొదటి రకం, సందు పెరిగిన రకం. రెండు తొక్కులకి పైకొస్తుందని నువ్వే రాశావు.

ఇక కాగే చక్రం సంగతి. బ్రేకు ఎక్కువ తొక్కకుండా ఓ ఐదారు కిలోమీటర్లు తోలి, మెల్లగా ఆపి దిగు. నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి వెనకవైపు పెట్టి, తాకకుండానే వేడి చూడు. కాగిన డ్రమ్ము మీద నీళ్ళు పొయ్యబాక, పోతినుము పగులుతుంది. ఒక్కటే కాగితే లోపం ఆ చక్రంలోనో దాని హ్యాండ్‌బ్రేకు కేబుల్లోనో ఉంటుంది. వెనక రెండూ కాగుతుంటే ఇరుసు మీదికి దిగే రబ్బరు హోసును అనుమానించు. పాత హోసు బయటికి బాగానే కనబడుతుంది, లోపల మాత్రం రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. కాలి బలానికి ఆయిలు అటు పోతుంది గానీ, స్ప్రింగుల బలానికి తిరిగి రాదు.

దీన్ని ఖాయం చేసుకునే పరీక్ష ఒకటుంది. నన్నడిగితే ఈ పని మొత్తంలో అన్నిటికన్నా విలువైంది ఇదే, శ్రద్ధగా చదువు. చదును నేల మీద బండి పెట్టు. ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టు, ఎందుకంటే ఈ పనికి హ్యాండ్‌బ్రేకు దించి, గేరు న్యూట్రల్లో ఉంచాలి. వెనక ఇరుసు హౌసింగు కింద జాకీ వేసి లేపి, స్టాండు గానీ గట్టి చెక్క దిమ్మె గానీ పెట్టు. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టబాక. బ్రేకు రెండుసార్లు తొక్కి వదిలి చక్రం తిప్పు. డిఫరెన్షియల్ బరువు కొంచెం తగులుతుంది, అది లెక్క కాదు. లైనరు పట్టినట్టు బిగుసుకుంటే, వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలను నెట్టేది) వెనకున్న బ్లీడింగ్ నిపులుకి, అంటే గాలి తీసే నిపులుకి పైపు తగిలించి పావు తిప్పు వదులు చెయ్యి. ఆయిలు చిమ్మి చక్రం వదిలిందా, లోపల ప్రెషరు నిలబడిపోయినట్టే. నిపులు తెరిచినా వదలకపోతే పట్టింది ఆయిలు కాదు, ఇనుము: కేబులు తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం లేదా మరీ బిగించి ఉండటం, రిటర్న్ స్ప్రింగు సాగిపోవడం, సిలిండర్లో పిస్టను బిగుసుకోవడం, ఈ మూడింట్లో ఒకటి. ప్రెషరే అని తేలితే నిపులు బిగించి, మళ్ళీ తొక్కి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర వెనక లైను నట్టు వదులు చేసి చూడు. అక్కడ వదులు చేస్తే చక్రాలు వదిలాయంటే మాస్టర్ సిలిండరో, దాన్ని నెట్టే రాడ్డో తిరిగి పూర్తిగా వెనక్కి రావడం లేదు. అక్కడ వదలక, చక్రం దగ్గర మాత్రమే వదిలిందంటే మధ్యలోని హోసే. పావుగంట పని ఇది, వేల రూపాయల సామాన్లు అనవసరంగా మార్చకుండా కాపాడుతుంది.

నీ బండి రొయ్యల పెట్టెలు మోసేది. తొట్టిలోంచి కారే ఐసు నీళ్ళు సరిగ్గా వెనక చక్రాల మీదికే పడతాయి. దానికి తోడు మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలి. అందుకే నీకు మొదటి అనుమానం హ్యాండ్‌బ్రేకు కేబులు మీదే రావాలి. షూ దగ్గర కేబులు కొన విప్పి చేత్తో లాగి వదులు, తనంతట తాను లోపలికి పోవాలి. గరగరమని ఆగిందంటే ఆయిలు చుక్కలేసి సర్దుకోబాక, పై తొడుగుతో సహా కొత్తది వేయించు. తొడుగు లోపల తుప్పు పట్టాక నూనె నాలుగు రోజులే పనిచేస్తుంది. హౌసింగు మీద క్లిప్పుల కింద నీళ్ళు నిలిచి ఇనప బ్రేకు పైపు కూడా అక్కడే తినేసుకుంటుంది. క్లిప్పు లేపి గోటితో గీకి చూడు, పొరలు పొరలుగా లేస్తే పైపు మార్చాల్సిందే. ఫ్రిజ్జులకి వాడే రాగి పైపు దీనికి వెయ్యబాక, అదురుకి పగులుతుంది. లోడు దించాక రోజూ వెనక చక్రాల లోపలివైపు మంచినీళ్ళతో కడుగు. తొట్టి నీళ్ళకి ఓ రబ్బరు గొట్టం పెట్టి చక్రాలు దాటి వెనక్కి వదులు.

డ్రమ్ము ఊడదీసేటప్పుడు బలం వాడబాక. తుప్పుతో హబ్బుకి పట్టుకుని ఉంటుంది. డ్రమ్ము ముఖం మీద రెండు మర బెజ్జాలుంటే, వాటిలో సరిపడే బోల్టులు సమానంగా కొంచెం కొంచెం బిగిస్తే అదే బయటికొస్తుంది. బెజ్జాలు లేకపోతే హబ్బు చుట్టూ సుత్తితో తట్టు. అంచు మీద కొడితే డ్రమ్ము బీటలిస్తుంది, సందులో రాడ్డు పెట్టి ఎత్తితే బ్యాక్‌ప్లేటు (షూలు బిగించి ఉండే వెనక రేకు) వంగుతుంది. షూలు లోపలి గట్టుకి తట్టుకుంటుంటే, బ్యాక్‌ప్లేటు వెనక రబ్బరు బిరడా తీసి, సన్న స్క్రూడ్రైవరుతో అడ్జస్టరు (షూల సందు సరిచేసేది) నాలుకని పక్కకి నెట్టి పట్టుకుని, ఇంకోదాంతో పళ్ళ చక్రాన్ని వెనక్కి తిప్పు. లోపలి దుమ్ము నోటితో ఊదబాక, కంప్రెసరు గాలి కొట్టబాక. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. సబ్బునీళ్ళతో తడిపి కుంచెతో తుడువు. కిరసనాయిలూ డీజిలూ రబ్బరుకి పడవు.

ఒక వైపే విప్పు, రెండోది నమూనాగా ఉండనీ. విప్పేముందు సెల్లులో ఫోటో తీసుకో. స్ప్రింగు ఏ బెజ్జంలో ఉందో తర్వాత గుర్తుండదు.

లోపల తడి కనబడితే అది ఏ ఆయిలో తెలుసుకోవాలి, లైనరు నాశనమయ్యేది ఎక్కువ అక్కడే. గ్లాసుడు నీళ్ళు తీసుకుని ఆ తడి చుక్క అందులో వెయ్యి. నీళ్ళలో కలిసిపోయిందా, అది బ్రేకాయిలు, వీల్ సిలిండర్ కారుతోంది. పైన తెట్టు కట్టి తేలిందా, అది గేరాయిలు, ఇరుసు సీలు పోయింది. గేరాయిలు జిడ్డుగా, గంధకం వాసనేస్తుంది. బ్రేకాయిలు బండికి వేసిన రంగుని కూడా లేపేస్తుంది.

సిలిండరయితే రెండు కొసలా ఉన్న దుమ్ము రబ్బరు వెనక్కి తీసి చూడు. లోపల తడిగా ఉంటే ఆ సిలిండరు పని అయిపోయినట్టే. రబ్బరు కిట్టు వేయొచ్చు, కానీ లోపలి గోడ మీద వేలు పెట్టి చూడు, గోటికి గుంటలు తగిలితే కిట్టు నిలవదు. ఉప్పునీళ్ళ బండికి నేనయితే రెండు వైపులా కొత్త సిలిండర్లే వేయిస్తా. కారే సిలిండరు పైపు నలిపో, మధ్యలో గుండు పెట్టో మూసి పంపించే అలవాటు కొంతమందికుంది. అది ఒప్పుకోబాక. మూడు చక్రాలకే బ్రేకున్న లోడు బండి తడి రోడ్డు మీద పక్కకి తిరుగుతుంది.

సీలయితే, కొత్తది కొట్టించే ముందు హౌసింగు పైనున్న బ్రీదరు (లోపలి గాలి బయటికి పోయే దారి) చూడు. బురదతో అది మూసుకుపోతే ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలికి దారి లేక సీలు అంచు నుంచి ఆయిలు నెట్టుకొస్తుంది. అది శుభ్రం చేయకుండా సీలు మారిస్తే నెల తిరక్కుండా అదే కత. గేరాయిలు మట్టం ఆయిలు పోసే బెజ్జం కింది అంచుకి ఉండాలి, ఎక్కువ పోస్తే కూడా కారుతుంది. ఆయిలు తాగిన లైనరును కాల్చో రుద్దో వాడబాక. ఒక్కోసారి జారుతుంది, ఒక్కోసారి చటుక్కున పట్టేస్తుంది. డ్రమ్ము తిరిగే జోరుకి షూ ఇంకా గట్టిగా డ్రమ్ముకి ఒత్తుకుంటుంది గదా, అందుకే పట్టిందంటే చక్రమే నిలిచిపోతుంది. రెండు వైపులా జతగానే మార్చు.

లైనర్ల అరుగుదల కూడా ఓ మాట చెబుతుంది. ముందువైపు షూ వెనకదానికన్నా ఎక్కువ అరగడం మామూలే. ఒకే చివర, లేదా లోపలి అంచు ఒక్కటే అరిగితే బ్యాక్‌ప్లేటు వంగిందో, షూలు ఆనే చోట గుంటలు పడ్డాయో చూడు. ఆ గుంటల్లో షూ తట్టుకునే తొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. రివెట్టు తల పైన 1 మిల్లీమీటరుకి తగ్గితే మార్చాలి.

డ్రమ్ము లోపల గీతలుంటే లేతు పట్టించొచ్చు, కానీ డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అంకె పోతపోసి ఉంటుంది, అది దాటితే పారేయాలి. రెండు డ్రమ్ములూ ఒకే కొలతకి తీయించు. నీలం మచ్చలూ వేడి బీటలూ ఉంటే లేతు కూడా వద్దు. లేతు పట్టించాక సన్న గరుకు కాగితంతో అడ్డంగా రుద్దు. లేతు గీత మర మాదిరి ఉండిపోతే షూ దాన్ని పట్టుకుని పక్కకి జరిగి ఠక్కుమని కొడుతుంది.

బిగించేటప్పుడు బ్యాక్‌ప్లేటు మీద షూలు ఆనే 6 చోట్ల, వేడికి కరగని బ్రేకు గ్రీజు గోటి మందాన రాయి, ఎక్కువైతే లైనరు మీదికి చేరుతుంది. స్ప్రింగులు కొత్తవే వెయ్యి. పళ్ళ చక్రం ఉన్న అడ్జస్టర్లు ఎడమదీ కుడిదీ వేరే మర ఉంటాయి, మార్చి వేస్తే సందు తగ్గాల్సింది పెరుగుతుంది. నీ పెడలు లోతుకు పోయేదానికి ఇది కూడా కారణం కావచ్చు, చూడు.

అడ్జస్టుమెంటు ఎప్పుడూ షూల దగ్గరే మొదలుపెట్టు. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించి, కేబులు వదులు చేసి, డ్రమ్ము తిప్పితే అక్కడక్కడా సన్నగా రాసుకునేదాకా పళ్ళ చక్రం తిప్పు. రెండు వైపులా అయ్యాక పెడలు పదిసార్లు తొక్కి షూలు మధ్యకి రానిచ్చి మళ్ళీ చూడు. ఆ తర్వాతే కేబులు బిగించు. హ్యాండ్‌బ్రేకు 5 నుంచి 7 టిక్కుల్లో పట్టాలి. చాలామంది దీన్ని తల్లకిందులు చేస్తారు: బ్రేకు దిగిందని కేబులు బిగించేస్తారు. అప్పుడు షూలు ఎప్పుడూ కొంచెం విచ్చుకునే ఉంటాయి, తనంతట తాను సరిచేసుకునే అడ్జస్టరు కదలదు, డ్రమ్ము కాగుతుంది, లైనరు అరుగుతుంది, పెడలు మళ్ళీ లోతుకు పోతుంది. నువ్వు రాసిన మూడు గొడవలకీ ఇది అచ్చంగా సరిపోతుంది. కేబులు నట్టు యాడికి బిగించి ఉందో ముందు అది చూడు.

గాలి తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. నిపులుకి తెల్ల గొట్టం పెట్టి, కొస ఆయిలున్న సీసాలో ముంచు. ఒకరు తొక్కి పట్టాలి, నువ్వు సగం తిప్పు తెరిచి మూశాకే కాలు లేపాలి. మాస్టర్ సిలిండర్ నుంచి దూరమున్న చక్రంతో మొదలుపెట్టు. మొదటి జాగ్రత్త, పెడలు కింద చెక్క దిమ్మె పెట్టి అడుగుదాకా పోనివ్వబాక. పాత సిలిండర్లో రోజూ వాడని చోట తుప్పు ఉంటుంది, వాషరు అక్కడికి పోతే చిరుగుతుంది. రెండోది, ఇరుసు మీద లోడును బట్టి ప్రెషరు మార్చే వాల్వు ఉంటే బండిని చక్రాల మీదే నిలబెట్టి చెయ్యి. ఛాసిస్ లేపితే ఇరుసు వేలాడి, వాల్వు బండి ఖాళీ అనుకుని వెనక ఆయిలు తగ్గిస్తుంది. లోడు కోసం కమాను పట్టీలు ఎక్కువ వేయించినా ఇదే తంటా: బరువున్నా బండి దిగదు, వెనక బ్రేకు పూర్తిగా పట్టదు. పట్టీలు వేయించినప్పుడు వాల్వు లింకు కూడా సరి చేయించు.

బ్రేకాయిలు మూత సీలున్న డబ్బాదే తెచ్చుకో, మాస్టర్ సిలిండర్ మూత మీద డాట్ 3 అని రాసి ఉంటే ఆ రకమే. బ్రేకాయిలు గాల్లోని తేమ పీల్చుకుంటుంది, కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నది 140 డిగ్రీలకే మరుగుతుంది. రెండేళ్ళకోసారి మార్చు. ఇంజనాయిలు ఒక్క చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

కొత్త లైనర్లతో మొదటి రోజే పొదలకూరు నిమ్మకాయల లోడు ఒప్పుకోబాక. ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం నుంచి మెత్తగా తొక్కి 15 వరకూ తగ్గించు, డ్రమ్ము చల్లారేలా కొంచెం తోలు, మళ్ళీ తొక్కు. ఇలా పదిహేనుసార్లు. తర్వాత 200 కిలోమీటర్లు తిరిగాక నిపుళ్ళ దగ్గర తడి ఉందా, రెండు డ్రమ్ములూ ఒకే వేడిలో ఉన్నాయా చూసి, టిక్కులు లెక్కబెట్టు.

గ్లాసు నీళ్ళలో వేసిన చుక్క కలిసిందో తేలిందో, కేబులు నట్టు ఎన్ని మరలు బిగించి ఉందో చూసి నాకు రాయి. ఆ రెండూ తెలిస్తే ఏ సామాను కొనాలో చెబుతాను.

ఇట్లు,
మీ మామ