ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు: కొత్తగా వచ్చినవాళ్ల సందేహం

"ఇంగ్లీషు మీడియంలోనే చదివాం, గ్రామర్ బాగానే వచ్చు. అయినా ఇక్కడ మేం ఒకటి అంటే వాళ్లకు ఇంకొకటి వినిపిస్తోంది, ఎందుకని?" కొత్తగా విదేశానికి వచ్చినవాళ్లు చాలామంది ఈ మాట అడుగుతుంటారు. పాపం, ఈ టెన్షన్‌తో మీటింగుల్లో నోరు విప్పడమే మానేసినవాళ్లూ ఉన్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఇంగ్లీషును చెవితో నేర్చుకున్నారు, మనలో చాలామందిమి పుస్తకంతో నేర్చుకున్నాం. కాబట్టి వాళ్లు తడబడేది రాతలో, మనం తడబడేది పలుకులో. 'అక్కడ' అనే దేర్, 'వాళ్ల' అనే దేర్ వాళ్ల ఈమెయిళ్లలో తారుమారు కావడం మీరే చూస్తారు. మనకు ఆ ఇబ్బంది తక్కువ, స్పెల్లింగు కంటితో చూసి నేర్చుకున్నాం కదా. అసలు ఈ గందరగోళానికి ఆ భాష చరిత్రే కారణం. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడుతూ వచ్చాయి, ఉచ్చారణ మాత్రం ఆ తర్వాత కూడా మారుతూ పోయింది. కలుసుకోవడం అనే మీట్‌కీ మాంసం అనే మీట్‌కీ ఒకప్పుడు అచ్చులు వేరు. యోధుడు అనే నైట్‌లో మొదటి కె అక్షరాన్ని అప్పట్లో పలికేవాళ్లు కూడా.

నిజంగా ఒకేలా పలికే మాటల గురించి మాట్లాడేటప్పుడు కంగారు అక్కర్లేదు. సందర్భమే అర్థం చెప్పేస్తుంది. మనం జాగ్రత్త పడాల్సింది మన చెవికి ఒకటిగా అనిపించి వాళ్ల చెవికి వేరుగా వినిపించే మాటల దగ్గర.

ముందుగా ప, ట, క. ఇంగ్లీషు మాట మొదట్లో ఇవి వస్తే వాళ్లు గాలి వదులుతూ పలుకుతారు, మన ఒత్తక్షరాల్లాగా. మనం గాలి లేకుండా తేల్చేస్తాం. గాలి లేని ప వాళ్లకు బ లాగా, క గ లాగా వినిపిస్తుంది. అందుకే మనం 'ప్యాక్' అంటే 'బ్యాక్' అనీ, 'కోట్' అంటే 'గోట్' అనీ వాళ్లు పొరబడేది. అల్పప్రాణాలు, మహాప్రాణాలు చిన్నప్పుడే వల్లె వేసిన మనకు ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు. అరచేయి నోటి ముందు పెట్టుకుని పలకండి, గాలి తగలాలి. అయితే ఒత్తు ఫ అనగానే మనలో చాలామంది పెదవికి పళ్లు ఆనిస్తారు. అలా చేస్తే అది ఎఫ్ అయిపోతుంది. రెండు పెదవులూ మూసి, విడిచేటప్పుడు గాలి వదలాలి.

తర్వాతది వ. మనకు ఒక్కటే వ ఉంది, వాళ్లకు రెండు. వి అక్షరానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. డబుల్యుకి పళ్లు తగలకూడదు, పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. పడమర అనే వెస్ట్, లోపల తొడుక్కునే వెస్ట్ విడిపోయేది ఇక్కడే. వి తో మొదలయ్యే పేర్లు మనలో ఎక్కువ కాబట్టి ఫోన్లో పేరు చెప్పేటప్పుడు 'వి ఫర్ విక్టర్' అనడం అలవాటు చేసుకోండి.

ఎస్, జెడ్ సంగతి కూడా గట్టిదే. మనం తెలుగులో 'చొక్కా లూజుగా ఉంది' అంటాం. ఇంగ్లీషులో వదులు అంటే 'లూస్', రెండు ఓ లు. 'లూజ్' అంటే పోగొట్టుకోవడం, దానికి ఒకటే ఓ. ఇంకా ముఖ్యమైనది 'రిజైన్'. జెడ్ శబ్దంతో అంటే ఉద్యోగం మానేయడం. కాంట్రాక్టు మీద మళ్లీ సంతకం పెట్టడాన్ని 'రీ-సైన్' అని ఎస్ తో పలకాలి, రాసేటప్పుడు మధ్యలో గీత పెట్టాలి. మేనేజర్‌కి పంపే మెయిల్లో ఆ గీత మర్చిపోకండి.

అంకెల దగ్గర మొహమాటం అస్సలు వద్దు. థర్టీన్, థర్టీ వాళ్లలో వాళ్లకే తికమక. అద్దె అయినా అపాయింట్‌మెంట్ అయినా 'వన్ త్రీ', 'త్రీ జీరో' అని విడదీసి చెప్పి, వాళ్ల చేత మళ్లీ చెప్పించుకోండి. అమెరికన్ల మాటలో క్యాన్, క్యాన్ట్ కూడా ఇంతే. చివరి ట చాలాసార్లు వినపడదు. క్యాన్‌ని వాక్యం మధ్యలో 'కెన్' అని తేలిగ్గా దాటేస్తారు, క్యాన్ట్‌ని నొక్కి పలుకుతారు. మీరు మాత్రం కుదరదని చెప్పాల్సి వచ్చినప్పుడు 'క్యానాట్' అని పూర్తిగా అనండి. డాక్టర్ దగ్గర హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. వేగంగా అంటే రెండూ కలిసిపోతాయి, కాబట్టి 'హై బీపీ', 'లో షుగర్' అని మామూలు మాటల్లో చెప్పడమే మంచిది.

ఇక రాతలో మిమ్మల్ని స్పెల్‌చెక్ ప్రతిసారీ కాపాడుతుందని అనుకోవద్దు. ఒకేలా వినిపించే జంటలో రెండూ సరైన మాటలే కాబట్టి తప్పును చాలాసార్లు అది పట్టుకోదు. 'కాస్త ఓపిక పట్టండి' అనే 'బేర్ విత్ మీ'లో బి-ఈ-ఏ-ఆర్ రావాలి. బి-ఏ-ఆర్-ఈ అంటే విప్పడమని అర్థం. ప్రిన్సిపల్ చివర పి-ఏ-ఎల్ ఉంటే అప్పులో అసలు, పి-ఎల్-ఈ ఉంటే సూత్రం. కాంప్లిమెంట్ మధ్యలో ఐ ఉంటే మెచ్చుకోలు, ఈ ఉంటే ఒకదానికి తోడై లోటు తీర్చేది. స్టేషనరీ (చివర ఈ-ఆర్-వై ఉంటే కాగితాలు, కవర్లు; ఏ-ఆర్-వై ఉంటే కదలకుండా ఉన్నది) లాంటివి పొరపాటు పడినా పెద్ద నష్టం లేదు.

అద్దె ఒప్పందంలో లెసర్, లెస్సీ అని రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. లెసర్ అంటే అద్దెకిచ్చేవారు, లెస్సీ అంటే అద్దెకు ఉండేవారు. రిపేర్లు ఎవరివి, డిపాజిట్ ఎవరు ఎప్పుడు తిరిగివ్వాలి అన్నవి ఆ చివరి అక్షరాలను బట్టే ఉంటాయి. సంతకానికి ముందు ప్రతి పేజీలో ఆ రెండింటినీ వేలు పెట్టి చూసుకోండి.