క్షణమైనా నిలవని అయస్కాంత క్షేత్రం ఉందని ఎలా తెలిసింది?

బంగారు కేంద్రకాలు ఢీకొంటే 10¹⁸ గాస్ క్షేత్రం పుడుతుందంటారు, దాన్ని ఎవరైనా నిజంగా చూశారా అని అడిగారు. నా పీహెచ్‌డీ అంతా ఈ ప్రశ్నతోనే గడిచింది, అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో ఇలాంటి ఢీలను నమోదు చేసే స్టార్ డిటెక్టర్ డేటా మీద.

నేరుగా కొలవలేం. కేంద్రకాలు కాస్త పక్కగా ఢీకొన్నప్పుడు, తగలకుండా జారిపోయే ప్రోటాన్లు దాదాపు కాంతి వేగంతో పోతాయి. కదిలే ఆవేశం కాబట్టి చుట్టూ క్షేత్రం పుడుతుంది. 200 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్ట్) ఢీ శక్తి దగ్గర 10⁻²⁴ సెకను లోపే రెండు కేంద్రకాలూ ఒకదాన్నొకటి దాటిపోతాయి, క్షేత్రం కూలిపోతుంది. కానీ మధ్యలో పుట్టిన క్వార్క్-గ్లూఆన్ ప్లాస్మా, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి వాటిలోని క్వార్కులు, గ్లూఆన్లు విడిగా తిరిగే వేడి ముద్ద, విద్యుత్ వాహకం. క్షేత్రం తగ్గుతుంటే అందులో ప్రేరిత ప్రవాహం పుట్టి ఆ తగ్గుదలకు అడ్డుపడుతుంది. ఇంటర్‌లో కాయిల్, అయస్కాంతంతో మనం చదివిన ఫారడే, లెంజ్ నియమాలే ఇవి! ఆ ప్రవాహం వల్ల ధనావేశ కణాలు ఒక పక్కకీ, ఋణావేశ కణాలు రెండో పక్కకీ రవ్వంత ఒరుగుతాయి. పుంజం దిశలో ముందుకు పోయే కణాలు ఎటు ఒరిగాయి, వెనక్కి పోయేవి ఎటు ఒరిగాయి అన్నదే డైరెక్టెడ్ ఫ్లో. మేం చూసేది ఆ ఒరుగులో ప్రోటాన్‌కీ, దాని ఋణావేశ ప్రతికణమైన యాంటీప్రోటాన్‌కీ ఉన్న తేడాని (మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది).

మొదటిసారి ఆ తేడా గ్రాఫ్‌లో స్పష్టంగా కనిపించిన రోజు, క్షేత్రం దొరికిందనే అనుకున్నాను. గ్రూప్ మీటింగ్‌లో చూపిస్తే మా గైడ్ గారు ఒక్కటే అడిగారు: "ఈ ప్రోటాన్లన్నీ అక్కడ పుట్టినవేనా?" కావు. యాంటీప్రోటాన్‌లోని క్వార్కులన్నీ ఢీలో కొత్తగా పుట్టినవే. ప్రోటాన్లలో మాత్రం బంగారంలోంచి కొట్టుకొచ్చిన పాత క్వార్కులు కూడా ఉంటాయి. వాటి ఒరుగు వేరు. అయస్కాంత క్షేత్రం అసలు లేకపోయినా తేడా వస్తుంది, అదీ ధన గుర్తుతో. నేను చూసింది అదే.

కాబట్టి తేడా ఉంటే చాలదు, గుర్తు మారాలి. అంచులు మాత్రమే రాసుకునే ఢీల వైపు పోయేకొద్దీ పాత క్వార్కుల ప్రభావం తగ్గి, ఫారడే ప్రేరణ, పక్కన పోయే ప్రోటాన్ల కూలుంబ్ బలం పైచేయి అవుతాయి. అక్కడ తేడా ఋణంలోకి దిగాలి. దిగింది. స్టార్ బృందం దీన్ని 2024లో ఫిజికల్ రివ్యూ ఎక్స్ పత్రికలో ప్రచురించింది. ఇది పరోక్ష సాక్ష్యమే, అయినా నాకు చాలా గట్టిదనిపిస్తుంది, ఎందుకంటే పాత క్వార్కులు ఒక్కటే కారణమైతే ఆ గుర్తు మారడాన్ని వివరించడం కష్టం.

దీన్ని కైరల్ మాగ్నెటిక్ ఎఫెక్ట్‌తో (క్షేత్రం దిశలోనే ఆవేశాలు విడిపోవచ్చన్న వేరే ఊహతో) మాత్రం కలపకండి. దానికోసం 2018లో రుథీనియం, జిర్కోనియం కేంద్రకాలతో విడిగా ప్రయోగం చేశారు. రెండిటి ద్రవ్యరాశి సంఖ్యా 96, ప్రోటాన్లలో నాలుగు తేడా. ముందుగా రాసిపెట్టుకున్న ప్రమాణాల ప్రకారం ఆ సంకేతం దొరకలేదు.

ఎమ్మెస్సీ చేస్తున్నానన్నారు కదా, తిరుపతి ఐసర్ కూడా స్టార్ బృందంలో ఉంది. అక్కడివాళ్ళకు ఒక మెయిల్ రాసి చూడండి.