చిన్నప్పుడు రేడియోలో విన్న ప్రకటనల పాటల్లో మీకింకా గుర్తున్నది ఏది? ఇప్పటివి ఎందుకు గుర్తుండటం లేదు?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తా, అది తేలిక. ఇప్పటివి మనం వెలుతురులో వింటున్నాం, అందుకే గుర్తుండవు. నవ్వకండి. చీకట్లో, రెండు చేతులకీ పని ఉండి, లేచి స్టేషన్ మార్చే ఓపిక లేనప్పుడు చెవిన పడిందే ముప్పై నలభై ఏళ్ళు నిలబడుతుంది. రుజువేంటని అడక్కండి, నేనే రుజువు.

ఈ ప్రశ్న ఎవర్ని అడిగినా వాషింగ్ పౌడర్ నిర్మా అంటారు. ఆ పాట 1975లో రేడియోలోనే మొదలైంది, ఒప్పుకుంటా. కానీ మనలో చాలామందికి గుర్తున్నది 1982 తర్వాత టీవీలో తెల్ల గౌను వేసుకుని గిర్రున తిరిగిన పాప. కన్ను పట్టుకున్నదాన్ని చెవి ఖాతాలో రాసేసుకుంటున్నాం. 'లైఫ్‌బాయ్ ఎక్కడ ఉందో ఆరోగ్యం అక్కడ ఉంది' అన్నది నయం, అది చెవి సరుకే. మిగతావాటిలో చాలాభాగం బొంబాయిలో హిందీకి కట్టిన బాణీలోకి తెలుగు మాటల్ని గోతాంలో పత్తి కుక్కినట్టు కుక్కినవి. పొట్టి అక్షరాన్ని పట్టుకుని మూరెడు లాగడం, దీర్ఘం ఉన్నచోట గబుక్కున మింగేయడం. పైగా 1980ల సగం దాకా రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళం, అంటే డబ్బులిచ్చి మరీ ఆ తెలుగు విన్నాం.

సరే, నా సంగతికొస్తా. మాది కందుకూరు నుంచి పొన్నలూరు పోయే దారిలో ఒక పల్లె. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు అన్నారు. రేడియోకి మాత్రం ఈ జిల్లాల గొడవ లేదు, మాకు పగలు విజయవాడ, చీకటి పడ్డాక మద్రాసు. రాత్రయితే మద్రాసు వివిధభారతి పక్కింట్లోంచి పలికినట్టు పలికేది. అర్థమయ్యేది ఏమీ లేదు గానీ పాటలు ఎక్కువ, పాటకీ పాటకీ మధ్య ప్రకటనలు ఇంకా ఎక్కువ. మా ఊళ్ళో తమిళం ముక్క రాని పిల్లలం మేం తమిళ ప్రకటనలు పాడుకుంటూ గోలీలాడేవాళ్ళం.

మా పెదనాయనకి పొగాకు బ్యారన్ ఉండేది, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే గది. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, పచ్చాకు రెలిచి, అంటే మొక్క నుంచి తుంచి, కర్రలకి అల్లి, ఆ గదిలో వరసలుగా వేలాడదీసి కింద మంట పెడతారు. మొదట ఆకు పండి పసుపు రంగు తిరిగేదాకా 90, 100 డిగ్రీల దగ్గర నిలపాలి, చివర్లో ఈనె ఎండటానికి 160 దాకా పోవాలి. ఫారన్‌హీట్ లెక్క. మధ్యలో ఎక్కడా వేడి దభీమని పడకూడదు, ఎగరకూడదు. అయిదారు రోజులు, రాత్రీ పగలూ ఒక మనిషి పొయ్యి కాడే ఉండాలి. మా పెదనాయన దగ్గర గడియారం లేదు. ఆయన గడియారం మద్రాసు రేడియో. పాట వస్తున్నంతసేపూ కదిలేవాడు కాదు, ప్రకటనలు మొదలవగానే లేచి ధర్మామీటరు చూసి, మొద్దు ఎగదోసి, పాట మొదలయ్యేసరికి నులకమంచం మీదకి వచ్చేసేవాడు. రేడియో మూగబోయాక బీడీల లెక్క. రెండు బీడీలకొకసారి ధర్మామీటరు. పొగాకు పండించే మనిషి బీడీలు కొనుక్కుని తాగడం ఏందని మా పెద్దమ్మ తిట్టేది, అది వేరే కథ.

1988 సంక్రాంతి. పొయ్యి కాడ మనుషులు పండక్కి ఇళ్ళకి పోయారు. బ్యారన్‌లో మొదటి రెలుపు ఆకు ఉంది, ఆపడానికి లేదు. పెదనాయనకి తోడుగా నన్ను పంపారు, నాకు పదేళ్ళు. ఆ రోజుల్లోనే మద్రాసు చేపాక్‌లో వెస్టిండీస్‌తో టెస్టు. నరేంద్ర హిర్వాణీ అనే కుర్రాడు మొదటి టెస్టులోనే 16 వికెట్లు తీశాడు చూడండి, అది. కామెంటరీ నాకు సగం అర్థం కాదు, అయినా పొద్దస్తమానం ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చున్నా. సాయంత్రానికి గొంతు తగ్గి, రాత్రి ఎనిమిది దాటగానే గుర్రుమని ఆగిపోయింది. బ్యాటరీలు తీసి ఎండలో పెడదామంటే ఎండ ఎక్కడిది? పక్కనే నెల్లూరులో నిప్పో బ్యాటరీలు తయారవుతుంటే మా ఊరి కొట్లో ఎప్పుడు పోయినా 'రేపు రాండి' అనేవాళ్ళు, ఇంక పండగ రాత్రి ఎవరు కొట్టు తీస్తారు.

పెదనాయన కొడతాడనుకున్నా. కొట్టలేదు. కాసేపు చీకట్లోకి చూసి, "నువ్వేగదరా బ్యాటరీలు తినింది, ఇంక నువ్వే పాడు, నాకు నిద్రొస్తా ఉంది" అన్నాడు.

"పాటలు రావు పెదనాయనా."

"పాటలెవరికి కావాల్రా, ప్రకటనలు పాడు. నేను లెగిసేది వాటికే గదా."

పాడా. లైఫ్‌బాయ్‌తో మొదలుపెట్టి, నిర్మా, పళ్ళపొడులు, తలనొప్పి మందులు, బట్టల సబ్బులు, గుర్తున్నవన్నీ వరసగా. ఒక చుట్టు పూర్తయితే ఆయన లేచి ధర్మామీటరు చూసొచ్చేవాడు. తెలుగువి అయిపోతే తమిళంవి. వాటిలో ఒకటి ఆయనకి బాగా ఇష్టం, మాటలు ఇద్దరికీ తెలియవు. మూడో చుట్టులో ఆయనే ఆ బాణీకి మాటలు కట్టాడు: "మొద్దు ఎగదొయ్యరా, కునుకు తియ్యకురా, ఆకు పండితేనే మనకి అన్నమొస్తదిరా". పడీపడీ నవ్వుకున్నాం. ఆ రాత్రి ఎన్నిసార్లు పాడామో లెక్కలేదు. మీరడిగిన మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే. నాకు గుర్తున్న ప్రకటన అది, ఏ కంపెనీ సొమ్మూ కాదు.

నేను ఎప్పుడు పడుకున్నానో తెలియదు. నా గొంతు ఆగితే ఆయన కన్నూ మూతపడి ఉంటుంది. తెల్లారేసరికి పొయ్యి బూడిద. పండి ఆరే దశలో వేడి పడిపోతే ఆకు ఏమవుతుందో పొగాకు రైతుకి చెప్పక్కర్లేదు, నల్లటి మచ్చలు తిరిగిపోయింది. ఆ బ్యారన్ ఆకులో మూడు బేళ్ళు, అంటే మూటలు, వేలంలో నోబిడ్ అయ్యాయి. నోబిడ్ అంటే కొనేవాళ్ళు ఆ బేలు ముందు నిలబడి ఒక్క క్షణం చూసి, ధర చెప్పకుండా పక్క బేలుకి పోవడం. తిట్టడం కన్నా అది ఎక్కువ మండుతుంది. ఇంట్లో మాత్రం మొద్దులు పచ్చివని చెప్పాడు, నా పేరు ఎత్తలేదు.

ఇప్పుడు ఎఫ్‌ఎంలో ప్రకటన వస్తే మొదట ఇద్దరు అరుచుకుంటారు, మధ్యలో ఫోన్ నంబరు నాలుగుసార్లు, చివర్లో షరతులు వర్తిస్తాయి అంటూ ఒకాయన తరుముకొచ్చినట్టు అరనిమిషం సంగతిని మూడు సెకన్లలో చదివేస్తాడు. దీనికి ఎవడైనా మాటలు కట్టుకుని మొద్దు ఎగదోయగలడా? ఫోన్లో అయితే అయిదు సెకన్లకి దాటేసే బటన్ ఉంది. మనకి బటన్ లేకపోవడమే మంచిదయింది అనిపిస్తుంది, చెబితే మా వాడు నన్ను వింతగా చూస్తాడు.

పెదనాయనకి ఎనభై దాటాయి. బ్యారన్‌లో ఇప్పుడు గడ్డి వేస్తున్నారు. మొన్న ఊరికి పోయినప్పుడు ఆ పాట ఎత్తుకున్నా, రెండో ముక్క ఆయనే అందుకున్నాడు. ఆ తమిళ ప్రకటన దేనిదో అన్న దగ్గర గొడవ. కాఫీపొడిది అంటాడు ఆయన. మొహానికి రాసుకునే పౌడరుది అంటా నేను. పందెం కూడా కట్టుకున్నాం: ఆయన గెలిస్తే ఆ మూడు బేళ్ళ డబ్బు నేనివ్వాలి, వడ్డీతో సహా. అప్పట్లో మద్రాసు వివిధభారతి విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. తానన్న తననన్న అని మూడుసార్లు వచ్చి, చివర ఒక ఆడగొంతు ఒకే ఒక్క మాట గట్టిగా అని ఆగేది. అది కాఫీది అయితే మాత్రం నాకొక్కడికే చెప్పండి.