లాస్ట్ రైడ్ తర్వాత

ప్రశ్న: సార్, మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. కబడ్డీలో రైడర్. పోయిన నెల సెమీఫైనల్లో లాస్ట్ రైడ్‌కి వెళ్లి, ఎవరినీ టచ్ చేయకుండానే కోర్టు పక్క పట్టీ, అదే లాబీలో కాలు పెట్టి ఔటయ్యాడు. ఒక్క పాయింట్‌తో టీమ్ ఓడింది. అప్పట్నుంచి గ్రౌండ్ మొహం చూడట్లేదు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా తమ్ముడు "వాడికి జిమ్ స్టైన్స్ గురించి చెప్పక్కా" అంటున్నాడు. ఎవరాయన?
- ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ తమ్ముడు సరైన మనిషినే గుర్తు చేశాడు.

స్టైన్స్‌ది ఐర్లండ్‌లోని డబ్లిన్. గుండ్రటి బంతితో ఆడే గేలిక్ ఫుట్‌బాల్‌లో పెరిగాడు. మెల్‌బోర్న్ క్లబ్ తీసుకుంటే, 1984లో పద్దెనిమిదేళ్లకే ఆస్ట్రేలియా వెళ్లాడు. అక్కడి ఆట, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, వేరు. బంతి కోలగా ఉంటుంది, కింద పడితే ఎటు లేస్తుందో తెలీదు. మన మధురవాడ క్రికెట్ స్టేడియం అంత గ్రౌండ్‌లో జట్టుకు 18 మంది పరిగెడుతుంటారు. అదంతా కొత్తగా నేర్చుకుని 1987లో సీనియర్ టీమ్‌లోకి వచ్చాడు.

ఆ ఏడాదే హాథోర్న్ క్లబ్‌తో ప్రిలిమినరీ ఫైనల్, అంటే గెలిస్తే ఫైనల్‌కి వెళ్లే మ్యాచ్. 1964 తర్వాత మెల్‌బోర్న్ మళ్లీ ఫైనల్‌కి వెళ్లిందే లేదు. ఈసారి వెళ్లినట్టే, నాలుగు పాయింట్ల ఆధిక్యం ఉంది. చివర్లో హాథోర్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకి ఫ్రీ కిక్ వచ్చింది, కానీ గోల్ బాగా దూరం. అప్పుడు స్టైన్స్ అతని ముందు నుంచి అడ్డంగా పరిగెత్తాడు. అలా వెళ్లకూడదని రూల్. అంపైర్ కిక్‌ని 15 మీటర్లు ముందుకు జరిపాడు. సైరన్ మోగాక బకెనారా కొట్టిన గోల్‌కి ఆరు పాయింట్లు. మెల్‌బోర్న్ రెండు పాయింట్లతో ఓడింది.

అదే స్టైన్స్ 1991లో బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. సీజన్‌లో మేటి ఆటగాడికి అంపైర్ల ఓట్లతో ఇచ్చే పతకం అది. నాకు మాత్రం అంతకన్నా పెద్దది 244. 1987 నుంచి 1998 దాకా ఒక్కటీ వదలకుండా వరసగా ఆడిన మ్యాచ్‌లవి. అదీ బంతి కోసం పైకెగిరితే గాల్లో ఎదుటివాడి మోకాళ్లూ మోచేతులూ తగిలే రక్‌మన్ స్థానంలో! ఆ ఓడిపోయిన మ్యాచ్ కూడా ఆ వరసలోదేనమ్మా. ఆ తర్వాతి మ్యాచ్‌కీ అతను వచ్చాడు.

ఇంకా ఆడుతుండగానే, 1994లో కుర్రాళ్ల కోసం రీచ్ అనే సంస్థను మరొకరితో కలిసి పెట్టాడు. 2008లో క్లబ్‌కి ప్రెసిడెంట్ అయ్యాడు. 2012లో క్యాన్సర్‌తో పోయాడు, 45 ఏళ్లకే.

ఇదంతా మీరు కూర్చోబెట్టి చెప్పకండి. మేనమామ చేత ఫోన్లో చెప్పించండి, వింటాడు. "పోనీలే, మర్చిపో" అని కూడా అనొద్దు, వాడు మర్చిపోలేడు. ఇద్దరు టీమ్‌మేట్స్‌ని సాయంత్రం ఇంటికి టిఫిన్‌కి పిలవండి. వాళ్లే వాణ్ని గ్రౌండ్‌కి తీసుకెళ్తారు. వెంటనే మ్యాచ్‌లో దింపొద్దని, ముందు లాబీ గీత దగ్గర ఫుట్‌వర్క్ మాత్రం చేయించమని కోచ్‌తో మాట్లాడండి. నిద్రా తిండీ ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. అవీ తగ్గి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించి, నాకు మళ్లీ రాయండి.