మత్తు దిగేవేళ మతిభ్రమణమా?

సందేహం: ఒక పరీక్ష కోసం మా నాన్నగారికి మత్తు ఇచ్చారు. తేరుకుంటూ, గోడ మీద చీమల బారు పోతోందన్నారు. గంటలో మామూలు మనిషయ్యారు. ఆసుపత్రి కాగితంలో 'మతిభ్రమణం కలగవచ్చు' అని చదివి అమ్మకు టెన్షన్ పట్టుకుంది. ఆ మాట సరైనదేనా? భ్రమ, భ్రాంతి – ఏది వాడాలి?

సమాధానం: మతి తప్పింది నాన్నగారికి కాదు, ఆ కాగితం రాసినవారికి. మతిభ్రమణం అంటే మనవాళ్ళకు పిచ్చి అనే అర్థం. కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చినవారికి మెలకువ వచ్చేవేళ లేనివి కనిపించడం 1960ల నుంచీ వైద్యులు ఎరిగినదే. దాన్ని తగ్గించడానికి తోడుగా మిడజోలమ్ అనే మగత మందు ఇస్తుంటారు. అరుదుగా ఆ మిడజోలమూ ఇలాంటి తమాషాలు చేస్తుంది. మందు దిగితే మామూలుగా ఇవీ దిగిపోతాయి. ఇంతమాత్రానికి పిచ్చి అంటగట్టాలా?

ఇక భ్రమ. 'భ్రమ్' ధాతువుకు అసలు అర్థం తిరగడం. భూభ్రమణంలో ఉన్నది అదే. పువ్వు నుంచి పువ్వుకు తిరిగేది కనుక తుమ్మెద భ్రమరం. దానికి 'క' చేర్చి భ్రమరకం అనండి: బొంగరం, నీటి సుడి, చివరికి నుదుటి మీది ముంగురులు కూడా! గిర్రున తిరిగేదో, వంపు తిరిగేదో అయితే చాలు. నీళ్ళు బయటికి పోయే తూముల్ని సైతం అమరకోశం రాసిన అమరసింహుడు 'భ్రమాః' అన్నాడు. సంస్కృతం దాకా ఎందుకు, కళ్ళు తిరిగాయి, తల తిరిగింది, దిమ్మ తిరిగింది అని మనమూ అంటున్నాం కదా. మత్తు దిగుతున్నవాడి అవస్థకు ఇంతకన్నా అచ్చమైన మాటలున్నాయా? ఈ ధాతువుకే 'సం' చేరిస్తే సంభ్రమం, 'వి' చేరిస్తే విభ్రమం. ఈ రెండోదాన్ని ఆసుపత్రి కాగితాల్లోకి లాగకండి, కావ్యాల్లో అది నాయిక విలాసం.

'భ్రాంతిర్మిథ్యామతిర్భ్రమః' అని అమరం భ్రమనూ భ్రాంతినీ ఒకే గాటన కట్టింది. వాడుకలో నాకొక తేడా తోస్తుంది. తాడును చూసి పామనుకోవడం భ్రాంతి. మయసభలో దుర్యోధనుడు నీటిని నేల అనుకున్నదీ అదే. అక్కడ తాడుంది, నీరుంది. ఏమీ లేనిచోట కనిపించేదాన్నీ ఆ మాటతోనే సరిపెడుతున్నాం. 1838లో ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరాల్ తన గ్రంథంలో ఈ రెంటినీ వేరుచేశాడు. మనకింకా తీరిక దొరకలేదు.

పోనీ సంధి ప్రేలాపన అందామా, అది జ్వరం మాట. మైకం, మగత కేవలం మత్తు స్థితిని చెబుతాయి.

కాగితంలో రాయాల్సింది 'లేనివి కనిపించవచ్చు, వినిపించవచ్చు' అని. ఒకే మాట కావాలని పట్టుబడితే, భ్రాంతి అన్నా నేను కాదనను. అయితే ఒకసారి ఆ గోడ చూసి రండి. సన్నటి పగులేదైనా ఉంటే నాన్నగారిది అచ్చమైన భ్రాంతే. నున్నటి గోడైతే మళ్ళీ ఉత్తరం రాయండి.