అరికాలి మీద సున్నం గీత

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసి నిన్ను స్కూలు కబడ్డీ టీంకు కెప్టెన్‌ను చేశారని చెప్పాడు. మీ పెద్దమ్మ ఆ రాత్రిపూటే పక్కింటికి పోయి చెప్పొచ్చింది. నేను మాత్రం చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయాను. సంతోషం లేక కాదు. మీ బాపు ఇంకో మాట కూడా చెప్పాడు. పోయినసారి మండల స్థాయి ఆటల్లో రెండు స్కూళ్ల పిల్లలు జుట్లు పట్టుకున్నారట, ఈసారి మీ టీం ఎవరితోనూ లొల్లి పెట్టుకోకుండా చూస్తానని నువ్వన్నావట, అందుకని రోజూ ప్రాక్టీసుకు ముందు అందరినీ పది నిమిషాలు కళ్లు మూసి కూర్చోబెడుతున్నావట. దాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారట. వాడు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. మన ఇంటి కోపం నాకు తెలుసు, నీ ముక్కు మీద ఉన్నది కూడా అదే.

ముందు చిన్నవి చెప్పేస్తా. గోళ్లు కత్తిరించుకోండి, కమ్మలు ఇంట్లో పెట్టి రండి, ఆటకు ముందు కడుపునిండా తినకండి. రిఫరీతో మాట్లాడాల్సి వస్తే నువ్వొక్కదానివే మాట్లాడు, వేలు చూపించకుండా. మ్యాచ్ అయ్యాక గెలిచినా ఓడినా పోయి చేతులు కలపండి. ఇవన్నీ మీ పీఈటీ సార్ ఎట్లాగూ చెప్తాడు.

సార్ చెప్పనిది ఒకటుంది. ఇది మీ బాపుకు కూడా తెలియదు.

పదో తరగతిలో నేనూ కెప్టెన్‌నే. అప్పుడు మ్యాట్లు ఎక్కడివి, మట్టి కోర్టు, సున్నంతో గీసిన గీతలు, ఉత్త కాళ్లు. జిల్లా ఆటల్లో సెమీస్‌కు వచ్చాం. ఆఖరి నిమిషాలు, ఒక్క పాయింటు వెనక ఉన్నాం, కూతకు నేనే పోయాను. కార్నర్ పిల్లగాడి మోకాలికి చెయ్యి తగిలిందనుకున్నా, వెనక్కి దుంకి మధ్య గీత దాటొచ్చేశా. అంపైర్ విజిల్ వేసి నన్నే ఔట్ అన్నాడు. ఎవర్నీ ముట్టకముందే లాబీలో, అంటే కోర్టు పక్కన ఉండే పట్టీలో, కాలు పెట్టావన్నాడు. ముట్టాక అయితే లాబీ కూడా కోర్టే, ముట్టకముందు అది బయటే, నీకు తెలిసిందే కదా.

నేను అరవడం మొదలుపెట్టా. అమ్ముడుపోయావన్నా. పాపం పెద్దమనిషి, మా నాయన వయసువాడు, ఎండలో పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాడు. అరుస్తూనే కాలెత్తి చూసుకున్నా. కుడి అరికాలి మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. అంటే వేళ్లన్నీ గీత అవతల పడ్డాయన్నమాట. ఆ కాలును మెల్లగా మట్టిలో రుద్దేశాను. నోరు అన్యాయం, అన్యాయం అంటూనే ఉంది, కాలు దాని పని అది చేసుకుంటూనే ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. "రండిరా పోదాం" అని టీం మొత్తాన్ని బయటికి తీసుకొచ్చా. ఎందుకని ఒక్కడూ అడగలేదు, కెప్టెన్ కదా. మ్యాచ్ అవతలివాళ్లకు ఇచ్చేశారు, మాకు ఎవ్వరికీ సర్టిఫికెట్ రాలేదు. ఎడమ కార్నర్‌లో ఆడే పిల్లగాడు ఒకడుండేవాడు, మా అందరికంటే చిన్నవాడు, వాళ్ల నాయన హమాలీ. ఆ సర్టిఫికెట్ చూపిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు దొరుకుతుందని వాళ్ల ఆశ. నేను కాలు రుద్ది తలెత్తేసరికి వాడి చూపు నా కాలి మీదే ఉంది. ఆ రోజు ఏమీ అనలేదు. ఇప్పటికీ అనలేదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య ఎదురైతే "కెప్టెన్, బాగున్నవా" అంటాడు. నన్ను ఇంకెవ్వరూ అట్లా పిలవరు బిడ్డా.

కళ్లు మూసుకుని కూర్చోవడం మంచిదే, వద్దనను. కానీ కబడ్డీ ఆడేవాళ్లకు ఊపిరి సంగతి కొత్తగా నేర్పాలా? కూత తెగకుండా ఒక్క ఊపిరి మీద పోయి వచ్చేవాళ్లు మీరు. విజిల్ పడగానే నోరు తెరవకు. కూతకు పోయేముందు నింపుకుంటావే, అట్లా ఒక్కసారి ఊపిరి నింపుకుని, వదులుతూ ముందు నీ కాలు చూసుకో. నువ్వూ చూసుకున్నావు కదా పెద్దబాపూ అంటావేమో. చూసుకున్నా, కానీ అప్పటికే అరిచేశాను. అరిచాక గీత కనబడితే దాన్ని చెరిపేయాలనే అనిపిస్తుంది.

ప్రాక్టీసులో వారానికి రెండు రోజులు రిఫరీ లేకుండా ఆడండి, ఔటైనవాళ్లు తామే చెయ్యెత్తి బయటికి పోవాలి. మొదట్లో లొల్లే అవుతుంది. కానివ్వు. మ్యాచ్‌లో అంపైర్ నిజంగానే తప్పు చెప్పినా ఒక్కసారి అడుగు, వినకపోతే వచ్చి ఆడు. గ్రీన్ కార్డు అంటే హెచ్చరికే, ఎల్లో పడితే మాత్రం రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, నీ కోపానికి మిగతా పిల్లలు ఒక మనిషి తక్కువతో ఆడాలి.

నీ గోడ మీద దీప్తి జీవాంజి ఫొటో ఉంది కదా, మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల పరుగు, టీ20 విభాగం (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లది), 55.07 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. అదే ఏడాది సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82, కాంస్యం. పరుగులో ఆ ముప్పావు సెకను ఎటుపోయిందని తిట్టడానికి అంపైర్ దొరకడు, గడియారమే ఉంటుంది. మన ఆటలో దొరుకుతాడు, అదే చిక్కు.

ఇంకొకటి, నవ్వకు. ఫోన్లతో పైలం. నా కాలును ఒక్కడే చూశాడు. నువ్వు వేలెత్తి మాట్లాడే పది సెకన్లు సాయంత్రానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఉంటాయి, ముందు ఏం జరిగిందో ఎవ్వరూ అడగరు, ఆడపిల్లవని ఇంకో రెండు మాటలు ఎక్కువే అంటారు. ఇది తలుచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మీ బాపును కూడా గీత దగ్గరికి రానివ్వకు, వాడు నీకంటే ముందే అంపైర్ మీదికి పోతాడు. సెలక్షన్స్ జేఎన్ స్టేడియంలోనే అయితే నేనొచ్చి వాడి పక్కన కూర్చుంటా.

మోకాలికి ఆ పాత క్యాప్ వేసుకోకు, సాగిపోయింది. హన్మకొండ చౌరస్తాలో కొత్తవి రెండు కొన్నాను, మీ బాపుతో పంపిస్తున్నా. సైజు చాలకపోతే బిల్లు డబ్బాలోనే ఉంది, పారేయకు.

మీ పెద్దబాపు