థైరాయిడ్ క్యాన్సర్ ఆడవాళ్లకే ఎక్కువా? వయసుతో సంబంధం ఉందా?

గాజువాకలో ఉండే మీ అక్కకు 42 ఏళ్లు, మెడలో గడ్డ కనిపించింది, భయపడాలా అన్నారు.

ఈ క్యాన్సర్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు 3 రెట్లు ఎక్కువ, అదీ 40, 50 ఏళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. మగవాళ్లలో మాత్రం 60 దాటాక. అలాగని టెన్షన్ వద్దు, థైరాయిడ్ గడ్డల్లో నూటికి 90 దాకా మామూలువే. పైగా మగవాళ్లకు గడ్డలు తక్కువే కానీ, వస్తే క్యాన్సర్ అయ్యే అవకాశం వాళ్లకే ఎక్కువ.

వయసు స్టేజ్‌నే మార్చేస్తుంది: ఎక్కువగా వచ్చే పాపిల్లరీ రకంలో 55 లోపు వాళ్లకు ఊపిరితిత్తులకు పాకినా స్టేజ్ 2 దాటదు. ముందు అల్ట్రాసౌండ్, డాక్టర్ అవసరమంటే సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే పరీక్ష. క్యాన్సరని తేలితే గాజువాకకు దగ్గర్లోనే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.